నాస్‌లో హార్డ్ డిస్కుల నిద్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

మా హాల్లో టీవీ స్టాండు కింద ఒక పాత డెస్క్‌టాప్ ఉంది. దానికి ఓపెన్‌మీడియావాల్ట్ అనే సిస్టమ్ ఎక్కించి నాస్‌గా, అంటే ఇంట్లో అందరి ఫైళ్ళూ నెట్‌వర్క్ మీద దాచి అందించే పెట్టెగా వాడుతున్నాం. లోపల 4 టీబీ డిస్కులు రెండు (ఒకదానికొకటి అద్దంలా, అంటే రెయిడ్ 1), సిస్టమ్ కోసం చిన్న ఎస్‌ఎస్‌డీ, బయట బ్యాకప్ కోసం ఒక యూఎస్‌బీ డిస్కు. పెళ్ళి వీడియోలు, పిల్లల ఫోటోలు, స్కాన్ చేసిన ఇంటి కాగితాలు అన్నీ అందులోనే. ఇది చూసి ఇలాంటిదే పెట్టుకున్న బంధువులు, స్నేహితులు డిస్కుల నిద్ర గురించి అడిగినవి, మొదట్లో నాకు నేనే వేసుకున్నవి కలిపి ఇక్కడ రాశాను.

స్పిన్‌డౌన్ అంటే నాస్ ఆగిపోవడమా?

కాదు. నాస్ నడుస్తూనే ఉంటుంది. ప్రాసెసర్, ర్యామ్, నెట్‌వర్క్ అన్నీ మేలుకునే ఉంటాయి. లోపల నిమిషానికి 5400 సార్లో 7200 సార్లో గిర్రున తిరిగే హార్డ్ డిస్కు పళ్ళేలు మాత్రం ఆగుతాయి. చదివే హెడ్లు పక్కనున్న ర్యాంపు మీదికి వెళ్ళి కూర్చుంటాయి. మళ్ళీ ఎవరైనా ఫైల్ అడిగితే డిస్కు లేచి, వేగం అందుకుని, అప్పుడు జవాబిస్తుంది. దీన్నే ఒక్కో కంపెనీ స్టాండ్‌బై అనీ, హైబర్నేషన్ అనీ, స్పిన్‌డౌన్ అనీ రాస్తుంది. పేర్లు వేరైనా పని ఒకటే.

కరెంటు బిల్లు ఎంత తగ్గుతుంది?

ఆశ పెట్టుకోకండి. 3.5 అంగుళాల డిస్కు ఊరికే తిరుగుతున్నప్పుడు సుమారు 3 నుంచి 5 వాట్లు తీసుకుంటుంది. ఆగి ఉన్నప్పుడు ఒక వాటు లోపే. తేడా 4 వాట్లు అనుకుని, రోజుకు 16 గంటలు పడుకుంటుందని లెక్కేస్తే ఏడాదికి 23 యూనిట్లు. యూనిట్‌కి 7 రూపాయలు వేసుకుంటే ఒక్కో డిస్కుకి 165 రూపాయల దాకా. మా రెండు డిస్కులకీ కలిపి ఏడాదికి 330. పాత రకం సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తాగుతుంది. ఎవరూ లేని గదిలో దాన్ని రోజూ ఒక గంట కట్టేస్తే, ఒక డిస్కును 16 గంటలు పడుకోబెట్టిన దానికంటే ఎక్కువే మిగులుతుంది.

ఎనిమిది, పది డిస్కులు ఉన్నవాళ్ళకి ఈ లెక్క మారుతుంది. రెండు డిస్కుల ఇంట్లో మాత్రం కరెంటు కోసమే అయితే ఈ తలనొప్పి అక్కర్లేదు.

మరి మీరెందుకు పెట్టుకున్నారు?

అమ్మ కోసం. వేసవిలో అమ్మ హాల్లో పడుకుంటుంది. పగలు వినబడని డిస్కు చప్పుడు రాత్రి ఒంటిగంటకి స్పష్టంగా వినిపిస్తుంది. "ఒరేయ్, ఆ డబ్బా మళ్ళీ మూలుగుతోంది చూడు" అని లేపేది. రెండో కారణం వేడి. మే నెలలో మన ఊళ్ళలో తలుపులేసిన టీవీ స్టాండు లోపల గాలి ఆడదు. తిరిగే డిస్కు గది కంటే పది డిగ్రీలు ఎక్కువ చూపించడం మామూలే. ఆగిన డిస్కు మెల్లగా గది వేడికి దిగి వస్తుంది.

మాటిమాటికీ ఆగి లేస్తుంటే డిస్కు పాడవదా?

అసలు ప్రశ్న ఇదే. ఒక ముక్కలో చెప్పాలంటే, ఆగడం వల్ల నష్టం లేదు, మాటిమాటికీ లేవడం వల్లే.

నిలబడి ఉన్న పళ్ళేలను పూర్తి వేగానికి తీసుకురావడం మోటారుకి, బేరింగులకి అన్నిటికంటే బరువైన పని. ఆ కొద్ది సెకన్లూ ఒక్కో డిస్కు 20 వాట్లకు పైనే లాగుతుంది. అందుకే కంపెనీలు డేటాషీట్లలో పరిమితులు రాస్తాయి. పాత తరం డెస్క్‌టాప్ డిస్కులకి స్టార్ట్-స్టాప్ 50,000 సార్లు అని కనిపించేది. ఇప్పటి వెస్టర్న్ డిజిటల్ రెడ్, సీగేట్ ఐరన్‌వుల్ఫ్ లాంటి నాస్ డిస్కులకి హెడ్లు ర్యాంపు ఎక్కి దిగడం 6,00,000 సార్లు అని రాస్తారు.

టైమర్ పది నిమిషాలకి పెట్టారు, ఏదో ఒకటి అరగంటకోసారి డిస్కును లేపుతోంది అనుకోండి. రోజుకి 48 సార్లు, ఏడాదికి 17,520. 50,000 లెక్కన మూడేళ్ళ లోపే హద్దు దాటుతుంది. అదే రోజుకి ఐదుసార్లే లేస్తే ఏడాదికి 1,825, అంటే 27 ఏళ్ళు. ఆలోగా డిస్కు ఇంకేదో కారణంతో పోతుంది, లేదా మీరే పెద్దది కొనేస్తారు.

2007లో గూగుల్ ఇంజనీర్లు తమ దగ్గరున్న లక్షకు పైగా డిస్కుల మీద ఒక పరిశీలన ప్రచురించారు. ఎక్కువసార్లు ఆఫ్ అయి ఆన్ అయిన డిస్కులకీ, చెడిపోవడానికీ మొదటి రెండేళ్ళలో పెద్ద సంబంధం కనబడలేదు. మూడేళ్ళు దాటిన డిస్కుల్లో మాత్రం కొంత కనబడింది. అది డేటా సెంటర్ లెక్క, పైగా మొత్తం కరెంటు తీసి పెట్టిన లెక్క, కాబట్టి మన ఇంటికి ఉన్నదున్నట్టు వర్తించదు. పాత డిస్కు అయితే కాస్త మెల్లగా చూసుకోవాలన్న జాగ్రత్త వరకు దాన్నుంచి తీసుకున్నాను.

నా పద్ధతి: రోజుకి ఐదారుసార్ల కంటే ఎక్కువ లేస్తుంటే స్పిన్‌డౌన్ తీసేస్తాను. పడుకుంటే గంటల తరబడి పడుకోవాలి. కునికిపాట్లు వద్దు.

అయితే ఎన్ని నిమిషాలు పెట్టాలి?

నేను గంట పెట్టాను. అరగంట కంటే తక్కువ ఎవరికీ చెప్పను. సినిమా మధ్యలో భోజనానికి లేస్తే డిస్కు పడుకోవడం, తిరిగి వచ్చి ప్లే నొక్కితే తెర బిగుసుకుపోవడం ఎవరికీ నచ్చదు.

సెట్టింగ్ ఎక్కడ ఉంటుంది?

సైనాలజీ, క్యూనాప్ రెడీమేడ్‌గా దొరికే నాస్ పెట్టెలు; అన్‌రెయిడ్, ట్రూనాస్ మనమే ఎక్కించుకునే నాస్ సిస్టమ్‌లు. సైనాలజీలో కంట్రోల్ ప్యానెల్, హార్డ్‌వేర్ అండ్ పవర్ లోపల హెచ్‌డీడీ హైబర్నేషన్. క్యూనాప్‌లో కంట్రోల్ ప్యానెల్‌లోని హార్డ్‌వేర్ పేజీలో. అన్‌రెయిడ్‌లో డిస్క్ సెట్టింగ్స్‌లో. ట్రూనాస్‌లో, ఓపెన్‌మీడియావాల్ట్‌లో ఒక్కో డిస్కును ఎడిట్ చేస్తే అక్కడే ఉంటుంది.

ఉత్త లినక్స్ మీద నడిపేవాళ్ళు హెచ్‌డీపార్మ్ (hdparm) అనే కమాండ్ వాడతారు. పెద్ద ఎస్ (-S) ఆప్షన్ తర్వాత ఇచ్చే అంకె నిమిషాలు కాదు. 1 నుంచి 240 దాకా ఒక్కో అంకె 5 సెకన్లు. గంట అనుకుని 60 ఇస్తే వచ్చేది 5 నిమిషాలే. 120 అంటే పది నిమిషాలు, 240 అంటే ఇరవై. అక్కణ్ణుంచి లెక్క మారి, 241 అరగంట, 242 గంట. ఇలా ఎవరు ఎందుకు పెట్టారో గానీ, దీని దగ్గర తప్పటడుగు వేయనివాళ్ళు తక్కువ.

వెంటనే పడుకోబెట్టాలంటే చిన్న వై. పెద్ద వై జోలికి వెళ్ళకండి. అది ఇంకా గాఢమైన నిద్ర, రీసెట్ చేస్తే తప్ప డిస్కు లేవదు.

టైమర్ పెట్టాను. అయినా డిస్కు పడుకోవడం లేదు, పడుకున్నా వెంటనే లేస్తోంది. ఎవరు లేపుతున్నారు?

నాకు వచ్చే ప్రశ్నల్లో సగానికి పైగా ఇదే. టైమర్ పెట్టడం రెండు నిమిషాల పని. లేపేవాళ్ళను పట్టుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది.

మొదటి రాత్రి గంటకోసారి నేనే లేచి చెవి పెట్టి విన్నాను. ఆ తర్వాత బుద్ధి వచ్చి, ఏ ప్రోగ్రామ్ ఏ ఫైల్‌ని ముట్టుకుంటోందో ఎప్పటికప్పుడు చూపించే ఫాట్‌రేస్ అనే చిన్న పనిముట్టు వేశాను. రాత్రంతా నడిపి, అది చూపించినదంతా ఒక ఫైల్‌లో రాయించాను. పొద్దున చూస్తే డిస్కు క్షణం కూడా పడుకోలేదు. కారణం? ఆ ఫైల్‌ని రాయించింది అదే డిస్కులో. దొంగ కోసం కాపు కాస్తూ తెల్లవార్లూ తలుపు తట్టింది నేనే. మీరు మాత్రం లాగ్‌ని ఎస్‌ఎస్‌డీలోనో పెన్‌డ్రైవ్‌లోనో రాయించండి.

తర్వాతి రాత్రి ఒక సంగతి తేలింది. డిస్కు సరిగ్గా అరగంటకోసారి లేస్తోంది (అప్పటికి టైమర్ ఇంకా చిన్నదే పెట్టి ఉన్నాను), కానీ ఫాట్‌రేస్‌లో ఏ ఫైలూ లేదు. ఫైల్ ముట్టుకోకుండా డిస్కును లేపేది ఎవరా అని చాలాసేపు బుర్ర గోక్కున్నాను. అది స్మార్ట్ (డిస్కు తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే లెక్కలు) తనిఖీ. డిస్కు ఆరోగ్యం కనిపెట్టే స్మార్ట్‌డీ అనే ప్రోగ్రామ్ మామూలుగా ప్రతి 1800 సెకన్లకి ఒకసారి డిస్కును పలకరిస్తుంది. ప్రత్యేకంగా చెప్పకపోతే అది డిస్కు పడుకుందా లేదా అని చూసుకోదు. రోగికి నిద్రమాత్ర వేయడానికి నిద్ర లేపే నర్సు బాపతు. పడుకుని ఉంటే వదిలేయమని చెప్పే ఆప్షన్ ఉంది. ఓపెన్‌మీడియావాల్ట్‌లో స్మార్ట్ పేజీలో పవర్ మోడ్‌ని స్టాండ్‌బైకి మార్చాలి, చేత్తో రాసుకునేవాళ్ళు స్మార్ట్‌డీ కాన్ఫిగ్‌లో చిన్న ఎన్ పక్కన స్టాండ్‌బై అని రాయాలి. ఎప్పుడో ఏదో ప్రయోగం చేస్తూ నేనే ఆ సెట్టింగ్ మార్చి మరిచిపోయాను. ఇంకో తిరకాసు ఏమిటంటే, కొన్ని డిస్కులు ఈ పలకరింపును కూడా పని కిందే లెక్కేస్తాయి. టైమర్ గంట, పలకరింపు అరగంటకోసారి అయితే అలాంటి డిస్కు జన్మలో పడుకోదు.

అది సరిచేశాక అరగంటకోసారి లేవడం పోయింది. కానీ తెల్లవారుజామున రెండుకి, మూడుకి, ఒకోసారి నాలుగున్నరకి లేచేది. లెక్కాపత్రం లేదు. ఈసారి ఫాట్‌రేస్‌లో పేరు దొరికింది: ఫోటోల బ్యాకప్. డల్లాస్‌లో ఉన్న అన్నయ్య ఫోన్ కూడా మా నాస్‌కే ఫోటోలు పంపుతుంది. అక్కడ మధ్యాహ్నం పిల్లాణ్ణి పార్కుకి తీసుకెళ్ళి నాలుగు ఫోటోలు తీస్తే, ఇక్కడ అర్ధరాత్రి దాటాక మా డిస్కులు లేస్తున్నాయి. అన్నయ్యని ఫోటోలు తీయొద్దని అనలేం కదా. ఫోటోలు ముందు ఎస్‌ఎస్‌డీలో దిగేలా, పొద్దున ఆరింటికి ఒకేసారి పెద్ద డిస్కుకి వెళ్ళేలా చిన్న స్క్రిప్ట్ రాశాను. అన్‌రెయిడ్‌లో క్యాష్, మూవర్ చేసే పని ఇదే.

మీ ఇంట్లో వెతకాల్సిన చోట్లు: డాకర్ కంటైనర్లు (నాస్ మీద విడివిడిగా నడిచే యాప్‌ల పొట్లాలు), వాటి లాగులు, డేటాబేసులు (ఇవి ఎస్‌ఎస్‌డీలో ఉండాలి, ఇంకో మాట లేదు). ప్లెక్స్ లాంటి మీడియా సర్వర్లు రాత్రిపూట చేసే స్కానింగ్. టొరెంట్ సీడింగ్. మ్యాక్ ఉన్న ఇంట్లో గంటకోసారి నడిచే టైమ్ మెషీన్. విండోస్‌లో మ్యాప్ చేసుకున్న నెట్‌వర్క్ డ్రైవు. వర్డ్‌లో సేవ్ యాజ్ నొక్కగానే పది సెకన్లు బిగుసుకుపోయిందంటే, మీ ఫైల్‌తో సంబంధం లేకపోయినా మ్యాప్ చేసిన డ్రైవు వెనక ఉన్న డిస్కు లేస్తోందని అర్థం.

సిస్టమ్ ఎస్‌ఎస్‌డీలో లేకపోతే?

కష్టమే. సైనాలజీ, క్యూనాప్ పెట్టెల్లో సిస్టమ్ కోసం చిన్న భాగం మామూలుగా లోపలున్న డిస్కులన్నిటి మీదా కాపీలుగా ఉంటుంది. సిస్టమ్ ఒక లైను లాగ్ రాసినా అన్ని డిస్కులూ లేవాల్సిందే. అక్కర్లేని యాప్‌లు తీసేయడం ఒక్కటే మందు. ట్రూనాస్‌లో అయితే సిస్టమ్ డేటాసెట్‌ని (సిస్టమ్ తన లాగులు రాసుకునే చోటు) బూట్ పూల్‌కి, అంటే సిస్టమ్ ఉన్న డిస్కుకి మార్చవచ్చు. అది పెద్ద డిస్కుల పూల్‌లో ఉన్నంతకాలం నిద్ర మాట మరిచిపోండి.

డిస్కు ఆగిందో లేదో, దాన్ని లేపకుండా ఎలా తెలుస్తుంది?

హెచ్‌డీపార్మ్‌కి పెద్ద సి ఆప్షన్ ఇస్తే స్టాండ్‌బైలో ఉందో, యాక్టివ్‌గా ఉందో చెబుతుంది. లేపదు. స్మార్ట్ వివరాలు చూసేటప్పుడు చిన్న ఎన్, స్టాండ్‌బై చేర్చండి. ఫోల్డర్ తెరిచి చూడటం నమ్మకమైన పద్ధతి కాదు. ఫైళ్ళ పేర్లు ర్యామ్‌లోంచే వచ్చేస్తాయి, డిస్కు పడుకునే ఉంటుంది. ఫైల్ తెరిచినప్పుడే అసలు సంగతి తెలుస్తుంది.

ఎన్నిసార్లు లేచిందో తెలియాలంటే స్మార్ట్ పట్టికలో 4వ అంశం స్టార్ట్-స్టాప్ కౌంట్, 193వది లోడ్ సైకిల్ కౌంట్. ఇవాళ రెండు అంకెలూ రాసుకుని వారం తర్వాత మళ్ళీ చూడండి. తేడాని ఏడుతో భాగిస్తే రోజు లెక్క వస్తుంది. నేను ఫ్రిజ్ మీద అతికించిన పాల లెక్క కాగితం వెనక రాసుకున్నాను.

193 మాత్రం వేలల్లో పెరుగుతోంది, 4 కదలడం లేదు. ఏమిటిది?

పళ్ళేలు ఆగడం లేదు, హెడ్లు మాత్రం మాటిమాటికీ పార్క్ అవుతున్నాయి. పాత వెస్టర్న్ డిజిటల్ గ్రీన్ డిస్కులు ఇందుకు పేరుమోసాయి. 8 సెకన్లు పని లేకపోతే హెడ్లను పక్కకి తీసుకెళ్ళేవి. నిమిషానికి రెండుసార్లు అలా జరిగితే రోజుకి 2,880. మూడు లక్షల పరిమితి ఉన్న డిస్కుకి నాలుగు నెలలు కూడా పట్టదు. వాటికి ఐడిల్3 టూల్స్ అనే లినక్స్ ప్యాకేజీతో ఆ సమయం మార్చవచ్చు. మిగతా డిస్కుల్లో ముందు ఏపీఎం (డిస్కు ఎంత పవర్ పొదుపు చేయాలో చెప్పే సెట్టింగ్) విలువ చూడండి. 1 నుంచి 127 దాకా అయితే పళ్ళేలు ఆపడానికి కూడా అనుమతి ఉన్నట్టు. 128 నుంచి 254 దాకా అయితే ఆపవు. 255 అంటే ఏపీఎం పూర్తిగా బంద్. కొన్ని డిస్కులు 255ని ఒప్పుకోవు, వాటికి 254 ఇవ్వండి.

రెయిడ్‌లో కావాల్సిన ఒక్క డిస్కే లేస్తుందా?

రెయిడ్ 5, జెడ్‌ఎఫ్‌ఎస్ లాంటి వాటిలో ఫైల్ ముక్కలు అన్ని డిస్కుల్లోనూ ఉంటాయి, కాబట్టి అన్నీ లేవాలి. ఒక్కోసారి ఒకదాని తర్వాత ఒకటి లేస్తాయి. పది సెకన్ల చొప్పున నాలుగు డిస్కులంటే నలభై సెకన్లు. అద్దం రెయిడ్‌లో చదవడానికి ఒకటి లేస్తే చాలు, రాయడానికి రెండూ లేవాలి. అన్‌రెయిడ్ ఇక్కడ ప్రత్యేకం. ఒక ఫైల్ మొత్తం ఒకే డిస్కులో ఉంటుంది కాబట్టి చదివేటప్పుడు ఆ ఒక్కటే లేస్తుంది. సినిమాలు దాచుకుని వారానికోసారి చూసేవాళ్ళకి దీనికి మించింది లేదని నా అభిప్రాయం.

లినక్స్ మామూలుగా డిస్కు జవాబు కోసం 30 సెకన్లు ఆగుతుంది. లేవడానికి అంతకంటే ఎక్కువ తీసుకునే డిస్కును రెయిడ్ చెడిపోయిందనుకుని బయటికి తోసేసే ప్రమాదం ఉంది. మామూలు డిస్కుకి 10, 15 సెకన్లు చాలు. 25 దాటుతోందంటే స్పిన్‌డౌన్ ఆపి, బ్యాకప్ తీసి, కొత్త డిస్కు ఆర్డర్ పెట్టండి.

యూఎస్‌బీ డిస్కు టైమర్ మాట వినడం లేదు.

డిస్కుకీ కంప్యూటర్‌కీ మధ్య ఉన్న చిన్న చిప్పు ఆ ఆజ్ఞను అవతలికి చేరనివ్వదు. కొన్ని డబ్బాలకు సొంత టైమర్ ఉంటుంది, దాన్ని మనం మార్చలేం. హెచ్‌డీ-ఐడిల్ అనే ప్రోగ్రామ్ చాలాచోట్ల పనిచేస్తుంది. అది డిస్కుకి టైమర్ పెట్టదు, తనే గడియారం పట్టుకుని కూర్చుని, చదవడం రాయడం లేకుండా చెప్పిన సమయం గడిస్తే ఆపమని చెబుతుంది.

లేచేటప్పుడు టక్ మని ఆగి మళ్ళీ మొదలై, కనెక్షన్ పోతుంటే ముందు అడాప్టర్‌ని అనుమానించండి. లేచే ఆ కొద్ది సెకన్లకి కావాల్సిన కరెంటు పాతబడిన అడాప్టర్ ఇవ్వలేదు. మా డిస్కు పోయిందనుకుని టెన్షన్ పడి, చివరికి 12 వోల్టుల కొత్త అడాప్టర్‌తో బయటపడ్డాను. అడాప్టర్ మార్చినా టక్ టక్ ఆగకపోతే అది వేరే జబ్బు. లేపి చూసే ప్రయోగాలు మాని, ముందు డేటా తీసుకోండి.

సీసీటీవీ రికార్డింగ్ కూడా నాస్‌లోకే వస్తుంది.

అయితే ఆ డిస్కుకి నిద్ర లేదు. కెమెరాలకు విడిగా ఒక డిస్కు ఇచ్చి, దాన్ని తిరగనివ్వండి. ఫోటోల డిస్కుతో కలపకండి.

కరెంటు పోతే?

పడుకున్న డిస్కుకి ఇది మేలే. హెడ్లు ముందే పార్క్ అయి ఉంటాయి. తిరుగుతున్న డిస్కుకి ఉన్నట్టుండి కరెంటు పోతే హెడ్లు హడావిడిగా వెనక్కి వెళ్ళాలి. స్మార్ట్‌లో 192వ అంశం ఆ లెక్కే. మా దగ్గర వేసవి సాయంత్రాలు చూసినవాళ్ళకి ఆ అంకె ఎందుకు పెరుగుతుందో చెప్పక్కర్లేదు. నిద్ర యూపీఎస్‌కి బదులు కాదు. ఫైల్ రాస్తుండగా కరెంటు పోతే కాపాడేది యూపీఎస్ ఒక్కటే.

యూపీఎస్ చిన్నదైతే ఇంకో జాగ్రత్త. బ్యాటరీ మీద నడుస్తుండగా నాలుగు డిస్కులు ఒకేసారి లేస్తే కొద్ది సెకన్లపాటు ఒక్కసారిగా వంద వాట్ల దాకా లాగుతాయి. ఒక్కొక్కటిగా లేపే సౌకర్యం మీ పెట్టెలో ఉంటే వాడండి.

ఎస్‌ఎస్‌డీకి కూడా పెట్టాలా?

అక్కర్లేదు. అందులో తిరిగేదేమీ లేదు.

ఇదంతా నావల్ల కాదు. పూర్తిగా తీసేయాలంటే?

టైమర్‌ని సున్నా చేయండి లేదా డిసేబుల్ పెట్టండి, ఏపీఎం 254 లేదా 255 చేయండి, నాస్‌ని ఒకసారి రీస్టార్ట్ చేసి హెచ్‌డీపార్మ్ పెద్ద సితో రెండు గంటల తర్వాత చూడండి. యాక్టివ్ అని వస్తే పని అయినట్టే. అయినా స్టాండ్‌బై చూపిస్తుంటే ఆ డిస్కుకో, దాని యూఎస్‌బీ డబ్బాకో సొంత టైమర్ ఉందన్నమాట. చప్పుడు మాత్రమే మీ ఇబ్బంది అయితే, పెట్టె కింద రబ్బరు ముక్కలు నాలుగు పెట్టి చూడండి. మా మావయ్య స్పిన్‌డౌన్ జోలికే పోకుండా పాత చెప్పుల అడుగు కోసి పెట్టాడు. వాళ్ళింట్లో నాస్ ఉందని రాత్రిపూట ఎవరికీ తెలియదు.